కాటా గుమాస్తా తుమ్మలేదు

హత్య జరిగింది నవలలో, శిక్ష పడింది నాకు. మధ్యలో మా మావయ్య వ్యాపారం, నా పరువు, నా ముక్కు మూడూ ఒకే వారంలో పోయేంత పనైంది. దీనంతటికీ కారణం, ఒక పుస్తకం మీద నాకొక అభిప్రాయం ఉండటం. అభిప్రాయాలు లేనివాళ్లు ఎంత సుఖంగా బతుకుతారో అప్పటిదాకా నాకు తెలియదు. మా ఇంట్లో అలాంటివాళ్లు ఎవరూ లేరు మరి.

ముందు ఆ పుస్తకం సంగతి. పేరు ‘చలిగదిలో ఆఖరి చూపు’. ఆ ఏడాది గుంటూరు బస్సులో పక్కసీటు మనిషి చేతిలో అది లేకపోతే, నిద్రపోతున్నాడనుకోవాలి. మిరపకాయల వ్యాపారి ఒకాయన కోల్డ్ స్టోరేజీలో శవమై దొరుకుతాడు. తలుపుకి బయట తాళం. తాళంచెవి శవం జేబులో. హంతకుడు అక్కడ కాటా వేసే గుమాస్తా, రంగనాథం. కూలీల బుట్టల్లోంచి కాయలు కాజేస్తూ యజమానికి దొరికిపోతాడు, అందుకని యజమానినే లేపేస్తాడు. అదిగో, మీకూ హంతకుడి పేరు చెప్పేశాను. లేచి వెళ్లిపోయేవాళ్లుంటే ఇప్పుడే వెళ్లండి. నాకు అలవాటే.

నవల బాగుంది. అది ముందే ఒప్పుకుంటున్నాను. అధ్యాయం చివర ప్రతిసారీ ఎవరో తలుపు తడతారు, తీసేదాకా మనకు అన్నం దిగదు. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఏకబిగిన పూర్తి చేశాను. పూర్తిచేశాక ఒళ్లు మండింది. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ని. చదివిన నాలుగేళ్లలో రిఫ్రిజిరేషన్ ఒక్కటే నాకు అర్థమైన సబ్జెక్టు. ఆ ఒక్కదాని మీదే ఈ రచయిత దాడి చేశాడు.

ఒకటి, మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ కాదు. మన ఇంట్లో ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పెట్టే అర ఎంత చల్లగా ఉంటుందో అదీ అంతే. అందులో శవం రాయిలా గడ్డకట్టదు. రెండు, ఆ తలుపులకి లోపలి నుంచి తీసుకునే గడియ ఉంటుంది. మూడు, గోనెసంచి మీద వేలిముద్రలు దొరకవు. నాలుగోది మాత్రం నేను క్షమించలేనిది. రంగనాథం మిరపబస్తాల వెనక పొద్దుటి నుంచి చీకటి పడేదాకా దాక్కుంటాడు. పోలీసులు రెండు బస్తాల అవతలే తిరుగుతుంటారు. అంతసేపూ ఆ మహానుభావుడు ఒక్కసారైనా తుమ్మడు.

ఘాటుకి పేరుమోసిన తేజ రకం మిరపకాయల మధ్య. తుమ్మడు. ఈ మాట ఎవరికైనా చెప్పకపోతే నేను బతకలేననిపించింది.

చెప్పడానికి జనం నాకు సిద్ధంగానే ఉన్నారు. అప్పట్లో ఉద్యోగం వచ్చేలోపు ఖాళీగా ఉండటమెందుకని, ప్రత్తిపాడు దగ్గర మా మావయ్య షెడ్డులో చేరాను. అక్కడ పని, ఎండు మిరపకాయలకు తొడిమలు తీయడం. నలభై మంది దాకా ఆడవాళ్లు చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కుని, చేతులకు కొబ్బరినూనె రాసుకుని, తలకు చెంగు చుట్టుకుని కూర్చుంటారు. సాయంత్రం ఎవరి బుట్ట ఎంత తూగితే వాళ్లకి అంత కూలి. నేను చేరగానే చేసిన మొదటి పని సంస్కరణలు తేవడం. ప్రతి బుట్టకూ ఒక నంబరు టోకెన్ కట్టించాను. గోడమీద బోర్డు రాయించాను. ‘టోకెన్ లేని బుట్ట షెడ్డుకు చెందును.’ ఆ ‘చెందును’ అనే మాట రాయించినప్పుడు నాకు కలిగిన గర్వం డిగ్రీ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

మా షెడ్డుకి ఇంకో విశేషం ఉంది. ఎదుటి షెడ్డులో స్పీకర్లు పెట్టి సినిమా పాటలు వేస్తారు. మా షెడ్డులో నవల చదువుతారు. చదివేది మరియమ్మ గారు. చర్చిలో పిల్లలకు ఆదివారం పాఠాలు చెప్పి చెప్పి గొంతు గంటలా మోగుతుంది. ఆవిడ వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు పోయాక తొడిమలు తీయడం మానేసి కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టారు. కూలి జనం ఎక్కడా దొరకని రోజుల్లో కూడా మా షెడ్డు నిండేది ఆ గొంతు వల్లే. మా అదృష్టం కొద్దీ ఆ వారం నడుస్తున్న నవల ‘చలిగదిలో ఆఖరి చూపు’.

మంగళవారం పొద్దున మరియమ్మ గారికి గొంతు పోయిందని కబురొచ్చింది. షెడ్డంతా నీరసపడింది. నేను లేచాను.

“నేను చదువుతాను” అన్నాను.

“మీకు తెలుగు చదవడం వచ్చా బాబూ?” అంది కోటమ్మ. షెడ్డులో అందరికంటే పెద్దది, అందరికంటే ముందు మాట్లాడేది ఆవిడే.

రెండు పొరల మాస్కు సర్దుకుని కుర్చీలో కూర్చున్నాను. చదువుతుంటే ఆడవాళ్లు మధ్యమధ్యలో ఒక్కొక్కరే లేచి, తొడిమలు తీసిన కాయలు గుప్పెడు తెచ్చి నా కుర్చీ పక్కనున్న పచ్చరంగు ప్లాస్టిక్ బుట్టలో వేసి వెళ్తున్నారు. వాళ్ల బుట్టలు నిండిపోయాయేమో అనుకున్నాను. ఇంజనీరు బుర్రకు అంతకంటే ఏం తడుతుంది?

“‘శవం రాయిలా గడ్డకట్టి ఉంది.’ ఆగండి” అన్నాను, నాకు నేనే. “ఇది తప్పు. ఎందుకు తప్పో చెప్తాను.”

“పోయినోడు ఎట్టా ఉంటే ఏముందిలెండి. చదవండి” అంది కోటమ్మ.

చదివాను. రెండు పేరాలు దాటాక మళ్లీ ఆగాను. గడియ గురించి చెప్పాను. గోనెసంచి గురించి చెప్పాను. నల్లబల్ల లేకపోయింది గానీ, ఉంటే చలిగది బొమ్మ గీసి చూపించేవాణ్ని.

“ఇంజనీరు గారూ, ఇది కథా, మీ పరీక్ష పేపరా?” అంది సుగుణ. కోటమ్మ మేనకోడలు. నోటి ఘాటు తగ్గించుకోవడం దానికి ఎవరూ నేర్పలేదు.

“నాలుగోది వినండి. ఇది వింటే మీరే ఒప్పుకుంటారు. చివర్లో కాటా గుమాస్తానే హంతకుడని తేలుస్తారు. అది జరిగే పని కాదు. మిరపబస్తాల మధ్య అంతసేపు తుమ్మకుండా ఏ మనిషీ ఉండలేడు. ఆ గుమాస్తా అమాయకుడు. అన్యాయంగా ఇరికించారు.”

నలభై జతల చేతులు ఒక్కసారి ఆగిపోయాయి.

“అంటే గుమాస్తా మంచోడంటారు?” అంది కోటమ్మ మెల్లగా.

“సాంకేతికంగా చూస్తే, అవును.”

“అలవాటైనోడికి తుమ్ము రాదు బాబూ. మేం తుమ్ముతున్నామా? తుమ్ములన్నీ మీలాటోళ్లకి. అందుకేగా ముక్కుకి రెండు గుడ్డలు కట్టుకుంది.”

జవాబు చెప్పబోతుండగా నా అసలు పొరపాటు తట్టింది. మిస్టరీ నవల, ఇంకా నాలుగు అధ్యాయాలున్నాయి, నేను హంతకుడి పేరు చెప్పేశాను. పుస్తకం మూసి, మిగతాది రేపు చదువుతానని చెప్పి కుర్చీ దిగాను.

సాయంత్రం కాటా వేయడం కూడా ఆ రోజు నా పనే, రోజూ వేసే మనిషి పెళ్లికి వెళ్లాడు. అందరి బుట్టలూ తూచాను. చివరికి పచ్చబుట్ట మిగిలింది. అటూ ఇటూ తిప్పి చూశాను. టోకెన్ లేదు.

“బాబూ, ఆ బుట్ట...” అంది కోటమ్మ.

“రూలు అందరికీ ఒకటే కోటమ్మ గారూ” అని బోర్డు చూపించి, బుట్ట ఎత్తి షెడ్డు రాశిలో బోర్లించేశాను.

“పద అత్తా” అంది సుగుణ. “ఇంకేం అడుగుతావు.”

బుధవారం పొద్దున షెడ్డుకి వచ్చినవాళ్లం మావయ్య, నేను, రెండు పిచ్చుకలు. ఎదుటి షెడ్డులో సినిమా పాట హోరెత్తుతోంది. గేటు సందులోంచి చూస్తే మా చొక్కాలన్నీ అక్కడే కూర్చుని తొడిమలు తీస్తున్నాయి.

“ఏం చేశావురా?” అన్నాడు మావయ్య.

“నవలలో హంతకుడెవరో చెప్పేశాను మావయ్యా. ఇంక వినడానికేముందని వెళ్లిపోయారు.”

“ఎవర్రా హంతకుడు?”

“కాటా గుమాస్తా.”

మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. “ఒరేయ్, నేనింకా సగంలోనే ఉన్నా కదరా.”

కాసేపు ఆ దుఃఖంలో ఉండి, తర్వాత అసలు దుఃఖంలోకి వచ్చాడు. “శనివారం కంటైనర్ వస్తోంది. ఈ కాయ కొనేవాయన మనకి దొరకడానికి ఎంతమంది గుమ్మాలెక్కానో నీకు తెలీదు. కాయ సిద్ధంగా లేకపోతే ఆయన ఎదుటి షెడ్డువాడి దగ్గరికి పోతాడు. మళ్లీ మన గేటు తొక్కడు. అప్పుడు ఇక్కడ నువ్వూ, నీ టోకెన్లూ, ఆ పిచ్చుకలూ.”

“నేను చెడగొట్టాను, నేనే బాగుచేస్తాను” అన్నాను. మెషీన్ పాడైతే ఏ భాగం పాడైందో కనుక్కో, ఆ భాగం మార్చు, మళ్లీ నడిపించు. కాలేజీలో మాకు నేర్పింది ఇదే. పాడైన భాగం ఏదో నాకు స్పష్టంగా తెలుసు. హంతకుడు. హంతకుణ్ని మారిస్తే సరి.

నా తెలివికి నేనే మురిసిపోతూ మధ్యాహ్నం ఎదుటి షెడ్డు గేటు దగ్గర కోటమ్మను పట్టుకున్నాను. అన్నం తిని చెయ్యి కడుక్కుంటోంది.

“కోటమ్మ గారూ, నిన్న నేను చేసింది తప్పు.”

“తప్పని తెలిసిందా?”

“తెలిసింది. సరిచేస్తాను.”

“అందరి ముందు చేశారు. అందరి ముందే సరిచేయాలి.”

“అందరి ముందే. రేపు పొద్దున రండి, ఒక్కసారి వచ్చి చూడండి.”

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. “పాపం, చిన్నవాడు” అనుకుంటున్నట్టుంది. “సరే, వస్తాం” అంది.

ఆ సాయంత్రం కూర్చుని ఆఖరి అధ్యాయాలు మళ్లీ రాశాను. కొత్త హంతకుడు కోల్డ్ స్టోరేజీ ఏసీ మెకానిక్. ఎందుకంటే అతనికి సాంకేతిక అర్హతలున్నాయి. గడియ ఎలా బిగించాలో తెలుసు, చలి ఎంత పెంచాలో తెలుసు. అతను దాక్కోడు కూడా, తుమ్మొస్తుందని ముందే మాస్కు తెచ్చుకుంటాడు. ఇక రంగనాథానికి జరిగిన అన్యాయం తీరేలా చివర్లో ఒక సన్మానసభ పెట్టాను. పోలీసులు ఆయనకు శాలువా కప్పి, దండ వేసి, “మీలాంటి నిజాయితీపరులు కాటా దగ్గర ఉండబట్టే ఈ జిల్లా నిలబడింది” అంటారు. ఆ వాక్యం రాశాక నాకే కళ్లు చెమర్చాయి. ప్రత్తిపాడులో జిరాక్సు కొట్టు దగ్గర ప్రింటు తీయించి, పుస్తకం సైజుకి కత్తిరించి లోపల పెట్టాను.

గురువారం అందరూ వచ్చారు. ఎవరూ పనిలో కూర్చోలేదు. చేతులు కట్టుకుని నా చుట్టూ నిలబడ్డారు. కోటమ్మ కాటా వైపు చూస్తోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. అయినా ఈ శ్రద్ధకు సంతోషించి చదవడం మొదలుపెట్టాను.

మెకానిక్ పట్టుబడేదాకా విన్నారు. శాలువా దగ్గరికి వచ్చేసరికి సుగుణ గొంతు సవరించుకుంది.

“ఏందీ, గుమాస్తాకి శాలువానా?”

“శాలువా, దండ కూడా. నిజాయితీకి.”

“నిజాయితీకా” అంది సుగుణ. “కాయలు కాజేసినోడికా?”

“అవి పొరపాటున కలిసిపోయాయని ఈ అధ్యాయంలో తేలుతుంది. రూలు ప్రకారమే చేశాడు” అన్నాను.

కోటమ్మ కొంగు దులుపుకుంది. “సరిచేస్తానన్నది ఇదా బాబూ? మంచిది.” అందరూ వెనక్కి తిరిగారు. మా షెడ్డులోంచి ఎదుటి షెడ్డుకి నడుస్తున్న ఆ చొక్కాల వరుసను మావయ్య నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆయన నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది.

అయినా నేను వదల్లేదు. పాడైన భాగం మార్చినా మెషీన్ నడవకపోతే, దాన్ని బాగా తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. చర్చి వెనక మరియమ్మ గారి ఇంటికి వెళ్లాను. ఆవిడ ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నారు. నేను మొదటి నుంచీ చెప్పాను. గొంతు లేకపోయినా మనిషి ఎంతసేపు నవ్వగలదో ఆ రోజు చూశాను.

“హంతకుడెవరో వాళ్లకి మొదటి రోజే తెలుసు నాయనా” అన్నారు బొంగురుగొంతుతో.

“ఎలా?”

“నేనే చెప్పాను. ఏ పుస్తకమైనా నేను ముందు ఆఖరి అధ్యాయం చూస్తాను. దుర్మార్గుడికి శిక్ష పడని పుస్తకం ఆ ఆడవాళ్ల ముందు నేను విప్పను. వీడు చంపాడు, చివర్లో దొరుకుతాడు అని చెప్పాకే మొదటి పేజీ తీస్తాను.”

“తెలిసిపోయాక ఇంక వినడమెందుకండీ?”

“గుడ్ ఫ్రైడే నాడు, యేసుప్రభువును ముద్దుపెట్టి పట్టిచ్చినవాడెవరో తెలియకనా ఏటా కూర్చుని వింటున్నాం? వాడెవడో తెలిస్తేనే వాడు ఆడే ప్రతి మాటకీ కడుపు మండుతుంది. కడుపు మండితే చేతులు చకచకా ఆడతాయి. మీ మావయ్యకు ఆ సంగతి తెలీదు గానీ, హంతకుడు నవ్వుతూ మాట్లాడే పేజీల్లో ఆయన షెడ్డులో పని రెట్టింపవుతుంది.”

“మరి నా వల్ల ఏం చెడింది?”

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. “పచ్చబుట్ట ఏం చేశావు?”

“టోకెన్ లేదు. రూలు ప్రకారం షెడ్డులో కలిపేశాను.”

“అది నాది. నేను చదువుతాను, వాళ్లు తలా గుప్పెడు నా బుట్టలో వేస్తారు. ఆరేళ్లుగా అంతే. టోకెనెందుకు, అది ఎవరిదో అందరికీ తెలుసు. జబ్బుపడ్డానని ఆ రోజు ఇంకో గుప్పెడు ఎక్కువే వేశారట.” మళ్లీ నవ్వు తెరలు తెరలుగా వచ్చింది. “నువ్వు మొన్న పొద్దున్నే కుర్చీలో కూర్చుని, కూలీల కాయలు కాజేసిన గుమాస్తా అమాయకుడని వాదించావు. సాయంత్రం కాటా దగ్గర నిలబడి నా బుట్ట బోర్లించావు. ఇవాళ ఆ గుమాస్తాకి శాలువా కప్పావు. వాళ్లేమనుకోవాలి? గుమాస్తాని ఎందుకు వెనకేసుకొస్తున్నావో ఆ సాయంత్రమే అర్థమైందని కోటమ్మ వచ్చి చెప్పింది.”

పాఠకులారా, నేను ఆ పుస్తకంలో నాలుగు తప్పులు పట్టినవాణ్ని. చలి, గడియ, వేలిముద్ర, తుమ్ము, ఏదీ నా కళ్లు దాటిపోలేదు. గంటల తరబడి నా మోకాలి పక్కనే నిండిన పచ్చబుట్ట ఒక్కటే కనపడలేదు.

శుక్రవారం పొద్దున ఎదుటి షెడ్డు గేటు తీసేలోపే నేను రోడ్డు మీద నిలబడ్డాను. నెత్తిన పచ్చబుట్ట, నిండా తొడిమలు తీసిన కాయలు. ముందురోజు సాయంత్రం నేనొక్కణ్నే కూర్చుని తీశాను. వేళ్లు పొంగిన పూరీల్లా ఉన్నాయి. అలవాటు లేక ఒకసారి కళ్లు నలుపుకున్నాను, అందుకని ఏడ్చిన కళ్లతో ఉన్నాను. ఆ కళ్లు నాకు చాలా మేలు చేశాయి.

“కోటమ్మ గారూ, ఇది మరియమ్మ గారి బుట్ట. అందరి ముందూ కాటా వేస్తాను. రండి.”

ఆవిడ బుట్టలో చెయ్యిపెట్టి నాలుగు కాయలు తిప్పి చూసింది. “సగానికి తొడిమే పోలేదు” అంది. కానీ మా షెడ్డు వైపే నడిచింది. వెనకాలే చొక్కాలన్నీ నడిచాయి.

కాటా వేశాను. మరియమ్మ గారి పేరు బిగ్గరగా చెప్పాను. తర్వాత స్టూలెక్కి బోర్డు చివర ‘పచ్చబుట్ట తప్ప’ అని రాశాను. అప్పటికి మరియమ్మ గారు రిక్షా దిగి, మెడకు మఫ్లరు చుట్టుకుని, కుర్చీలో కూర్చున్నారు. పుస్తకం తెరవగానే నా జిరాక్సు కాగితాలు కిందపడ్డాయి. సుగుణ వాటిని తీసుకుని పొట్లం కట్టి అందులో వేరుశనగపప్పులు పోసుకుంది.

“మీరూ కూర్చోండి” అంది కోటమ్మ నాతో. “శనివారానికి కావాలంటే ప్రతి చెయ్యీ కావాలి. ఆ మాస్కు తీసేయండి, ఊపిరాడక పడిపోతారు. అభిప్రాయం మాత్రం చెప్పకూడదు.”

కూర్చున్నాను. చెప్పనని మాటిచ్చి మాస్కు తీశాను. నూనె రాసుకున్నాను. మంగళవారం నేను చెడగొట్టిన చోటి నుంచే మరియమ్మ గారు మళ్లీ మొదలుపెట్టారు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, హత్యకు అదే బాగుంది. శవం రాయిలా గడ్డకట్టింది. నేను నోరెత్తలేదు. గడియ లేని తలుపు మూసుకుంది. పళ్లు బిగించాను. గోనెసంచి మీద ఐదు వేలిముద్రలూ చక్కగా పడ్డాయి. ఒక తొడిమను కసిగా విరిచాను. రంగనాథం నవ్వుతూ అబద్ధాలాడుతుంటే షెడ్డులో చేతులు ఎంత చకచకా ఆడాయో నా కళ్లతో చూశాను. మరియమ్మ గారు చెప్పింది నిజం. అందరితో పాటు నా కడుపు కూడా మండింది.

చివరికి ఆ చోటు వచ్చింది. రంగనాథం బస్తాల వెనక నక్కాడు. పోలీసులు రెండు బస్తాల అవతలికి వచ్చారు. షెడ్డంతా ఊపిరి బిగబట్టింది.

“‘ఆ గదిలో చిన్న అలికిడి కూడా లేదు’” అని చదివారు మరియమ్మ గారు.

నేను తుమ్మాను.

మామూలు తుమ్ము కాదు. రెండు పిచ్చుకలూ ఎగిరిపోయాయి. వెంటనే ఇంకోటి, ఆ వెనకే మరోటి. ఆపుకుందామని ముక్కు పట్టుకున్నాను, ఆ వేళ్లకు మిరపఘాటు ఉందని మరిచిపోయాను. ఆ తర్వాత వచ్చిన తుమ్ములు కొనుగోలుదారుడికి వినపడకపోవడం మా మావయ్య చేసుకున్న పుణ్యం.

షెడ్డు మొత్తం నన్ను చూసింది. చూశారా, నేను చెప్పింది ఇదే కదా అని అరవాలనిపించింది. మాట ఇచ్చాను కాబట్టి నోరు మూసుకుని కళ్లనీళ్లు తుడుచుకున్నాను.

కోటమ్మ తీరిగ్గా తొడిమ తీసి బుట్టలో వేసింది.

“సరేలే” అంది అందరితో. “కాటా గుమాస్తా తుమ్మడు. ఈ బాబు తుమ్మాడు. ఈయన వాడు కాదు. చదవండి టీచరమ్మా.”

శనివారం కంటైనర్ నిండింది. ఆ రోజు నుంచి నేనొక గట్టి ఒట్టు పెట్టుకున్నాను, నిండు గంభీరంగా, వాచిన ముక్కు మీద చెయ్యి వేసి. ఇక జన్మలో ఏ నవల మీదా, పక్కన బుట్ట ఎవరిదో కనుక్కోకుండా, అభిప్రాయం చెప్పను. మాస్కు లేకుండా అసలు చెప్పను.